టీ షరతు

"లేడమ్మా. పోయి నెల్లాళ్లయింది. ఆ టీ అట్టుకెళ్లిపో," అంటూ జగన్నాథం తలుపు సగం మూసేశాడు.

గుమ్మంలో ఫ్లాస్కుతో నిలబడ్డ హరిప్రియ కదల్లేదు. ఆ అమ్మాయికి సీపత్ కరెంటు ప్లాంటులో ఉద్యోగం. చనిపోయిన కొడుక్కి టీ తెచ్చానంటుంటే జగన్నాథానికి కోపం నషాళానికంటింది.

"తెలుసు అంకుల్. అందుకే మీ దగ్గరికొచ్చాను. సాయిచరణ్ రాసిన ప్రోగ్రామ్ నెట్‌లో దొరికితే మా ప్లాంటు షిఫ్టులకి మార్చుకున్నాను. ఊరికే ఇచ్చాడు. ఒకటే షరతు." ఫోన్‌లో ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివి చెప్పింది. "మీ ఇష్టమొచ్చినట్టు వాడుకోండి, మార్చుకోండి, మీరే రాశామని కోతలు కోసుకోండి. ఎప్పుడైనా ఎదురుపడితే మాత్రం నా పక్కన కూర్చుని ఒక టీ తాగాలి. తప్పించుకుంటే ఊరుకోను."

లోపల జగన్నాథం భార్య అచ్చియమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. "అచ్చం ఆడి మాటలే! లోపలికి రా తల్లీ," అని మూడు గ్లాసులు తెచ్చి పెట్టింది.

జగన్నాథం గ్లాసు ముట్టుకోలేదు. గూడ్సుబండి నడిపి డ్యూటీ దిగి క్వార్టరుకి రాగానే కొడుకు రెండు గ్లాసులతో ఎదురొచ్చేవాడు. "అక్కడెట్టి పో," అనేవాడు ఈయన. ఉన్న ఉద్యోగం మానేసి కంప్యూటర్ ముందు కూర్చున్నవాడితో మాటలేమిటని పంతం. ఒక్కసారైనా కూర్చోమనాల్సిందని ఇప్పుడు ప్రాణం కొట్టుకుపోతోంది.

"పోయినేడు ఆడి మొహానే అనేశానమ్మా," అన్నాడు నేల చూస్తూ. "నాతోపాటు బండి నడిపే పోలయ్య మూడేళ్ల కిందట మా ఇంజన్ల షెడ్డులో అందరి ఫోన్లలోనూ ఒకటి ఎక్కించాడు. డ్యూటీ దిగిన టైము కొడితే రెస్టు ఎప్పుడవుతాదో, మళ్లీ ఎప్పుడు పిలుస్తారో చెప్పేస్తాది. అది చూపించి, పనంటే ఇదిరా, నువ్వూ ఉన్నావు ఎందుకు, అన్నాను. నవ్వేసి ఎల్లిపోనాడు."

హరిప్రియ ఆయన గ్లాసు ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"ఆడు రాసిందేదో నా ఫోన్లో కూడా ఎయ్యమ్మా. నాకు అర్థం కాకపోతే పోనీ, రోజూ చూసుకుంటాను. ఆ షరతుకి నేనూ ఒప్పుకుంటాను," అంటూ జగన్నాథం ఫోన్ చేతిలో పెట్టాడు.

హరిప్రియ కాసేపు వెతికింది. పోలయ్య ఎక్కించినదాన్ని తెరిచి, అడుగున ఉన్న పేరు చూసి తలెత్తింది.

"మీ షెడ్డువాళ్లంతా వాడేది సాయిచరణ్ రాసిందే అంకుల్. షరతుకి మీరు మూడేళ్ల కిందటే ఒప్పుకున్నారు."