మార్తమ్మ ఊరు

జీపు చప్పుడు వినబడగానే నవోమి మార్తమ్మ తెల్లజుట్టు గబగబా దువ్వి ముడివేసింది.

"గుర్తుంది గదమ్మా? వాగు ఏ పక్కనుంచి వస్తుంది?"

"పడమర నుంచి. ఎన్నిసార్లు అడుగుతావు మే?" అని విసుక్కుంది మార్తమ్మ.

మార్తమ్మ జర్మన్ దొరసాని. పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఈ మిషన్ ఆస్పత్రికి నర్సుగా పంతొమ్మిది వందల ఇరవయ్యారులో వచ్చింది. ఇప్పుడు అరవయ్యారు. వచ్చిన పదేళ్ళకు ఒకే ఒక్కసారి, ఆరు నెలల సెలవు మీద తన దేశం వెళ్ళింది. అక్కడి చలి పడలేదంటూ రెండు నెలలకే తిరిగొచ్చేసింది. ఆ మీదట ఎంతమంది చెప్పినా కదల్లేదు. ఇక్కడి బెస్తవాళ్ళ మాటే ఆమె మాటయింది. నవోమి కన్నతల్లి పేరమ్మ కాన్పులోనే పోతే, పసిగుడ్డును ఒళ్ళో వేసుకుని పెంచింది కూడా ఆమే.

అటువంటి మార్తమ్మకు ఈ మధ్య మతిమరుపు పట్టుకుంది. కాఫీలో ఉప్పు వేసింది. నవోమిని పట్టుకుని పేరమ్మా అని పిలిచింది. సొంత భాష జర్మన్ సగానికి పైగా నాలుక మీద నుంచి జారిపోయింది. ఎవరో పుణ్యాత్ములు ఈ సంగతిని మద్రాసులోని మిషన్ పెద్దల దాకా మోశారు. మతి నిలకడగా లేదని తేలితే ఓడెక్కించి, జర్మనీలో ఏదో ముసలివాళ్ళ ఆశ్రమంలో పడేస్తారట. తేల్చడానికి వస్తున్న జర్మన్ పాదిరి అయ్యగారిది ఆమె ఊరికి పక్క ఊరే. ఊరి సంగతులే అడుగుతాడని జీపు డ్రైవరు ముత్యాలయ్య ముందుగానే నవోమి చెవిన వేశాడు.

ఇక్కడే, పేరమ్మ పక్కనే, ఈ ఇసకలోనే కలిసిపోవాలని మార్తమ్మ కోరిక. ఆమె వెళ్ళిపోతే నవోమికి లోకంలో ఇంకెవరూ లేరు.

అందుకే వారం నుంచీ నవోమి ఆమెకు పాఠం పెట్టింది. కొత్త పాఠమేమీ కాదు. చిన్నప్పుడు మార్తమ్మ పక్కలో పడుకుని రోజూ విన్న ఆమె ఊరి కథే. దాన్నే ఇప్పుడు తిప్పి ఒప్పజెప్పించుకుంటోంది. అన్నిటికీ తడుముకోకుండా జవాబులొచ్చాయి. "ఇప్పుడు పిండిమర ఎవరు నడుపుతున్నారమ్మా?" అన్నప్పుడు మాత్రం, "అది వద్దులే, తర్వాతది అడుగు" అని మార్తమ్మ మొహం తిప్పుకునేది. మరిచిపోయిందనుకుని నవోమి హడలిపోయింది. కథలో మర నడిపేవాడు హెర్మన్. అడిగితే హెర్మన్ అనే చెప్పమ్మా అని ఒట్టు పెట్టించుకుంది.

అయ్యగారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. తెలుగు మాత్రం పాత బైబిల్లోంచి నేర్చుకున్నాడు.

"అమ్మగారూ, తమ గ్రామమును గూర్చి చెప్పెదరా?"

మార్తమ్మ కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. ఊరి పేరు ఎర్లన్‌బెక్. పడమర నుంచి వాగొచ్చి పిండిమర దగ్గర వంపు తిరుగుతుంది. మర దాటితే కంటికి ఆనినంత మేర పొదలు. వేసవి చివర అవన్నీ ఊదారంగు పూలు పూస్తాయి. అప్పుడు గడ్డితో అల్లిన తేనెటీగల బుట్టలను బళ్ళకెత్తి ఆ పొదల మధ్య దించి వస్తారు. మూడొందల ఏళ్ళ కిందట సైనికులు ఊరిని తగలబెట్టారు. జనం గుడి గంటను మర పక్కనున్న నీటిగుంటలో ముంచి దాచారు. సైనికులు పోయాక ఎద్దులు కట్టి పైకి లాగితే గంట బీటలు వారి ఉంది. అయినా దాన్నే మోగిస్తారు. అందుకే ఎర్లన్‌బెక్ గంటకు బొంగురుగొంతు.

ఒక్క తప్పు లేదు. నవోమికి ప్రాణం లేచొచ్చింది. కానీ మార్తమ్మ సరిగ్గా చెబుతున్న కొద్దీ అయ్యగారి మొహం వాడిపోతోంది. రాసుకుంటున్న చెయ్యి కూడా ఆగిపోయింది.

"ఇప్పుడు మరను నడుపువారెవరు?" అని అడిగాడు మెల్లగా.

మార్తమ్మ కళ్ళు తెరిచి నవోమి వంక చూసింది. నవోమి పెదవులు ఆడాయి.

"హెర్మన్" అంది మార్తమ్మ.

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నవోమిని వసారాలోకి పిలిచి, వచ్చే వారం మద్రాసు నుంచి ఓడ ఉందనీ, పెట్టె సర్దమనీ చెప్పాడు.

నవోమికి ఏడుపు తన్నుకొచ్చింది. "ఏం తప్పు చెప్పింది అయ్యగారూ?"

"తప్పేమియు లేదమ్మా. అంతయు సరిగానే చెప్పినది. అదియే నా బాధ."

నవోమికి ఏమీ అర్థం కాలేదు. చేజేతులా అమ్మను ఓడెక్కిస్తున్నానేమో అనిపించింది. తానెక్కడ తప్పు చేసిందో మాత్రం తోచలేదు.

ఆయన మళ్ళీ లోపలికి వెళ్ళి మార్తమ్మ మంచం పక్కన కూర్చున్నాడు. పసిబిడ్డను బుజ్జగించే గొంతుతో, "మీ గ్రామమునకు పోవుదమా అమ్మగారూ? మర చూతము, గంట విందము" అన్నాడు.

మార్తమ్మ తలుపు దగ్గర ఏడుస్తున్న నవోమిని పిలిచి, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ తర్వాత అయ్యగారి వైపు తిరిగింది.

"మిలిటరీవాళ్ళు ఫిరంగులు కాల్చడం నేర్చుకోడానికని మా ఊరు ఖాళీ చేయించి ముప్పై ఏళ్ళాయె, ఇంక నన్ను ఏ ఊరికి తీసకపోతావు అబ్బయా?"