రెండు సెకన్లు

"ఏదమ్మాయ్, ఇంకా రాలేదూ?" పెద్దావిడ టాబ్లెట్‌ను ఒళ్ళో పెట్టుకుని వేలితో మరోసారి పొడిచింది.

తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఎదురుగా స్టూలు మీద లాప్‌టాప్‌తో కూర్చున్న ప్రోగ్రామరు మనసులో లెక్కపెడుతోంది. మూడు, నాలుగు, ఐదు...

"వస్తోందండీ, ఒక్క క్షణం."

ఆరో సెకనుకి ఫోటో వచ్చింది. అప్పటికే పెద్దావిడ టాబ్లెట్ పక్కన పడేసి కిటికీ పరదా సర్దుకుంటోంది. పిలిచినా వెనక్కి తిరగలేదు.

పది రోజులుగా ఇదే తంతు. ఆవిడ కోరింది ఒక్కటే. యాప్‌లో బటన్ నొక్కగానే కూతురు కనిపించాలి. కాలేజీలో చేరిన రోజు తీసిన ఫోటో అది. ఈ ఒక్క ఫోటో కోసం ప్రోగ్రామరు సెలవు మీద సెలవు పెడుతోంది.

ఇక తనవల్ల కాక, ఆఫీసులో సీనియరుకి ఫోన్ చేసింది.

"ఫోటోని పీఎన్‌జీ ఫార్మాట్‌లో పెట్టావా? ఇరవై ఎంబీ! ముసలి టాబ్లెట్ చేత బండరాళ్ళు మోయిస్తావేంటి? పిండేసి చిన్న జేపెగ్ చేసి పారెయ్."

"నిన్న చేశాను. బాగా పిండేసరికి ఫోటోలో చొక్కా కాలరు మీది కుట్టుచుక్కలు అలుక్కుపోయాయి. 'చుక్కల్లేవు, ఈ పిల్ల మా అమ్మాయి కాదు' అని టాబ్లెట్ తోసేసింది. ఆ చుక్కలు కుట్టింది ఆవిడే."

"అయితే కాస్త తక్కువ పిండు. రెండు సెకన్లు పడుతుంది, అంతేగా."

"రెండు సెకన్లూ ఎక్కువే."

"రెండు సెకన్లు ఆగలేని ఆ మహారాణి ఎవరే తల్లీ! కస్టమర్లకి కాస్త ఓపిక నేర్పాలి."

"ఈవిడకి నేర్పలేం."

ఆ గొంతులో చిరాకు కూడా మిగల్లేదు, ఉత్త అలసట. అవతలివాడు తగ్గాడు.

"సరే, విను. ముందు వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చు. చుక్కలు నిలుస్తాయి, బరువూ తగ్గుతుంది. నీ కోడ్‌లో ఫోటోలు తెరిచే ఆ పాత లైబ్రరీని పీకెయ్. అది ఫోటో మొత్తం విప్పి, తర్వాత తెరకి సరిపడా కుదిస్తుంది. ఎంత కావాలో అంతే విప్పే లైబ్రరీ ఒకటుంది, పంపిస్తా. యాప్ తెరవగానే ఫోటోని విప్పి సిద్ధంగా ఉంచుకోమను. నొక్కేదాకా ఆగక్కర్లేదు."

మధ్యాహ్నమంతా ప్రోగ్రామరు తల ఎత్తలేదు. కొత్త లైబ్రరీ రెండుసార్లు మొరాయించింది. పెద్దావిడ రెండుసార్లు వచ్చి తొంగిచూసింది.

"కళ్ళు గుంటలు పడిపోయాయి. వేళకింత తిండి పెట్టేవాళ్ళు లేరా నీకు?"

"ఉన్నారండీ."

"ఉంటే ఇలా ఉంటావా!"

సాయంత్రానికి పని పూర్తయింది. ప్రోగ్రామరు టాబ్లెట్ ఆవిడ చేతికిచ్చి, "ఇప్పుడు నొక్కండి" అంది.

వేలు ఆనీ ఆనకముందే తెర నిండిపోయింది.

"అమ్మ దొంగా! ఎక్కడికి పోయావే ఇన్నాళ్ళూ?" పెద్దావిడ ముఖం విప్పారింది. కాలరు మీది చుక్కల్ని చూపుడువేలితో ఒక్కొక్కటే తడిమింది. "పదకొండు. పన్నెండోది కుడదామంటే ఆలస్యమైపోతోందని చొక్కా లాక్కుని పారిపోయింది, పెంకిపిల్ల! నువ్వూ చూడమ్మాయ్. బావుంది కదూ నా కూతురు?"

"బావుందండీ."

ఆవిడ టాబ్లెట్‌ను గుండెకి ఆనించుకుని కిటికీలోంచి బయటికి చూసింది. వీధిలో వెలుతురు పలచబడుతోంది.

"పొద్దుపోతోంది, ఇంక ఇంటికి వెళ్ళు. మీ అమ్మ నీకోసం చూస్తూ ఉంటుంది."

కూతురు లేచి వంటింట్లోకి వెళ్ళింది.