ఏకాదశి నాటి కరెంటు

మురుగే వెలుగైన ఆ కాలనీలో ఏ ఇంటి దీపమైనా ముందు అన్నమై కడుపులో పడి, తర్వాత గొట్టంలో దిగి, మురుగుశుద్ధి కేంద్రంలో గ్యాసై, కరెంటై తిరిగి రావాల్సిందే. అందుకే ముక్కోటి ఏకాదశి అంటే కేంద్రం ఆపరేటర్ పైడితల్లికి గుండెదడ. కాలనీ అంతా ఉపవాసం. ముసురు పట్టి సోలార్ పలకలూ ఉపవాసమే. ఇంట్లో అత్త ఆక్సిజన్ మిషన్‌ని మాత్రం ఒక్క పూట కూడా పస్తు పెట్టడానికి వీల్లేదు.

మధ్యాహ్నానికి గ్యాసు ముల్లు ఎర్రగీత దగ్గరికి జారింది. పైడితల్లి గొడుగేసుకుని కాలనీ పెద్ద కామేశం గారి గుమ్మం ఎక్కింది.

"బాబూ, మా అత్తకి ఊపిరాడాల. ఏదో ఇంత తినండి, నలుగురికీ చెప్పండి."

"పాపం మూటకట్టుకోమంటావా? మా ఇంట్లో పచ్చిమంచినీళ్లు కూడా ముట్టలేదమ్మా," అన్నాడాయన, మూతి తుడుచుకుంటూ.

ఆ మూతి సంగతి ఆలోచించే తీరిక ఆమెకి లేదు. కేంద్రానికి పరుగెత్తింది. చూస్తే ముల్లు పైకి లేస్తోంది, మామూలు రోజుకన్నా పైకి. అన్ని వీధుల్లోకీ కామేశం గారి వీధి గొట్టమే నిండుగా ఉంది. ఫలహారం పేరుతో ఆ వీధి చేసింది ఉపవాసం కాదు, ఉప్మావాసం.

ఇంటికి ఫోన్ చేసింది. "మిషను ఆడతంది. నీకేటయిందే?" అంది అత్త.

పైడితల్లి కళ్లు తుడుచుకుని, కాలనీ అంతటికీ వినబడే మైకు అందుకుంది.

"కరెంటుకి భయం లేదండి. ఉపాసం ఉన్నోళ్లకి ఒక దండం. ఉండనోళ్లకి రెండు దండాలు."