తప్పు నాదే సార్

"ఇది మూడోసారి గుమాస్తా గారూ," అన్నాడు ఓనర్. అరవలేదు. అరిచే ఓపిక కూడా ఆయనకి మిగల్లేదు.

గుమాస్తా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పు నాదే సార్," అన్నాడు. మొదటిసారీ అదే అన్నాడు, రెండోసారీ అదే అన్నాడు.

అది గుండీల ఫ్యాక్టరీ. తయారైన గుండీల్లో పగిలినవీ, రంగు మాసినవీ ఏరి పక్కన పడేసే మిషన్ ఒకటి అక్కడుంది. కెమెరాతో చూస్తుంది, పనికిరానిదాన్ని గాలితో ఊదేస్తుంది. ఆ కెమెరాని కంప్యూటర్‌కి కలిపే కార్డు కాలిపోయింది. అరచెయ్యంత కూడా లేదు, దాంతో అంత మిషనూ పడకేసింది. కార్డు తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్త మిషన్ కొనాలంటే ఫ్యాక్టరీ అమ్ముకోవాలి.

సామాన్లు తెప్పించే పని గుమాస్తాది. నెట్టంతా గాలించి, సముద్రాల అవతల పాత కంప్యూటర్ సామాన్లు అమ్మే కొట్టొకటి పట్టాడు. ఆ కొట్టువాడు పరాయి దేశాలకి పంపడు. అందుకని మధ్యలో ఇంకో కంపెనీ. వాళ్ళు అక్కడున్న తమ గోడౌన్ అడ్రసూ, మన పేరు మీద ఒక లాకర్ నంబరూ ఇస్తారు. కొట్టువాడు అక్కడికి పంపితే, వీళ్ళు అందుకుని ఇక్కడికి పంపుతారు. వినడానికి బాగానే ఉంటుంది.

మొదటిసారి గుమాస్తా అడ్రసులో లాకర్ నంబరు రాయలేదు. పార్సిల్ ఎవరిదో తెలియక గోడౌన్ వాళ్ళు దాన్ని కొట్టుకే తిప్పి పంపేశారు.

రెండోసారి నంబరు రాశాడు. కానీ బరువు తగ్గించడానికి ప్యాకింగ్ తీసెయ్యమంటారా అని కంపెనీ అడిగిన చోట, తీసెయ్యమని నొక్కాడు. వాళ్ళు శ్రద్ధగా అట్టపెట్టే, స్పాంజీ అన్నీ పీకేసి పల్చటి కవర్లో పెట్టి పంపారు. కార్డు రెండు ముక్కలై దిగింది.

మూడోసారి కార్డుతో పాటు ఇంకో కొట్టులో ఒక కేబుల్ కూడా ఆర్డర్ పెట్టి, రెండూ వచ్చాకే కలిపి పంపమన్నాడు. ఆ కేబుల్ రానే లేదు. దానికోసం ఎదురుచూస్తూ కార్డు గోడౌన్‌లో కూర్చుంది. గడువు దాటిన సరుకుని వాళ్ళు ఉంచుకోరు. ఎక్కడ పారేశారో ఏమో, కార్డు ఇక రాదని ఇవాళే తెలిసింది.

"మా నాన్న ఉన్న రోజుల్లో మీరు చేసిన పని ఇంకోసారి చూసుకోవాల్సిన అవసరముండేది కాదు," అన్నాడు ఓనర్ కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంటూ. "వయసు మీద పడింది మీకు."

"పడింది సార్."

"ఆ కొట్టులో ఇంకెన్ని ఉన్నాయి?"

"ఒక్కటే సార్. అదే ఆఖరిది."

"అయితే మీకూ ఇదే ఆఖరు. కార్డు వస్తే మీరుంటారు, రాకపోతే ఇంట్లో కూర్చుంటారు. నేనే చేద్దామంటే ఆ ఫారాలు చూస్తేనే నాకు తల తిరుగుతుంది. రేపటికల్లా ఆర్డర్ పెట్టండి."

అసలే తుమ్మితే ఊడే ముక్కులాంటి ఉద్యోగం. గుమాస్తా గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

కింద హాల్లో పొడుగాటి బల్ల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని గుండీలు ఏరుతున్నారు. మిషన్ రాకముందు ఆ పని వాళ్ళదే. మిషన్ రాగానే ఇళ్ళకి పొమ్మన్నారు. మిషన్ ఆగగానే మేస్త్రీ వెళ్ళి మళ్ళీ పిలుచుకొచ్చాడు. ఓనర్‌కి వాళ్ళలో ఒక్కరి మొహమూ గుర్తుండదు. గుండీల అంచులు గరుకు, పొద్దుగూకేసరికి వేళ్ళ చివర్లు కందిపోతాయి. అయినా వంచిన తల ఎత్తరు.

వాళ్ళందరిలోకీ పెద్దావిడ మాత్రం ఎత్తింది. ఆవిడ్ని అంతా పెద్దమ్మ అంటారు.

"ఏం నాయనా, సముద్రాల అవతలి మీ చుట్టం బయల్దేరాడా?"

"లేదు పెద్దమ్మా."

"పోనీలే. చుట్టానికి తొందరేముంది, నిదానంగానే రానీ."

బల్లంతా నవ్వింది. చివర కూర్చున్నావిడ ఒక్కతే నవ్వలేదు, ఇటు చూడనూ లేదు.

గుమాస్తా ఆ సాయంత్రం కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరేసరికి భార్య స్టవ్ దగ్గరుంది. మంచినీళ్ళిచ్చింది. చాలాకాలం మూలపడి ఈమధ్యే బాగైన ఫ్యాన్ కింద ఆయన కూలబడ్డాడు.

"ఏమన్నారు?" అంది.

"కార్డు రాకపోతే ఉద్యోగం లేదన్నాడు. ఈ వయసులో నన్నెవడు పెట్టుకుంటాడు చెప్పు? భయంగా ఉంది."

ఆయన ఫోన్ తీసి ఆర్డర్ పేజీ తెరిచాడు. పేరు రాశాడు. వీధి రాశాడు. లాకర్ నంబరు గడి దగ్గర వేలు ఆగిపోయింది. ఎంతసేపటికీ కదల్లేదు.

ఆవిడ స్టవ్ ఆపి వచ్చి పక్కన కూర్చుంది. కందిన వేళ్ళ చివర్లకి నూనె రాసుకుంటూ ఫోన్‌లోకి తొంగిచూసింది.

"నాకోసం మూడుసార్లు తప్పు చేశారు, చాలు, ఈసారికి నంబరు సరిగ్గానే రాయండి, పెద్దమ్మకి నేను చెప్పుకుంటాను."