భూమన్న గురక

బోధన్‌లో కొత్తగా పెట్టిన చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలుకుపోతూ, భూమన్న పట్టపగలే బండి మీద వెల్లకిలా పడుకుని గురక పెట్టేవాడు. దారిలో జనం నవ్వుతుంటే, పక్కన కూర్చున్న భార్య గంగుబాయికి తల కొట్టేసినట్టయ్యేది.

ఆమె వామునీళ్లు తాగించింది. ముక్కులో నెయ్యి చుక్కలు వేసింది. గురక తగ్గలేదు. చివరికి అతని అంగీ వీపు మీద ఒక గులకరాయి పెట్టి కుట్టింది.

ఆ రోజు రాయి గుచ్చుకుని భూమన్న పక్కకు తిరిగి పడుకున్నాడు. గురక ఆగిపోయింది. గంగుబాయి మురిసిపోయింది.

అంతలో ఎడ్లు నడిరోడ్డు మీద నిలబడిపోయాయి. ఆమె అదిలించింది, తోకలు మెలిపెట్టింది. అవి కదలలేదు. వెనక బండ్లన్నీ ఆగిపోయాయి.

“గంగక్కా, బండెందుకు ఆపినవ్? చెర్కు ఎండిపోతున్నది!” అని వెనక బండివాడు కేకేశాడు.

ఇన్నాళ్లూ ఎడ్లు ఏది విని నడిచాయో గంగుబాయికి అప్పుడు తట్టింది. కొంగు మొహం మీదికి లాక్కుని, అచ్చం మొగుడిలాగే గట్టిగా గురక తీసింది. ఎడ్లు చెవులు రిక్కించి కదిలాయి.

ఆ చప్పుడుకు భూమన్న ఉలిక్కిపడి లేచాడు.

“సిగ్గు లేదానే గంగూ? మంది నడిచే తొవ్వల గిట్లనా గురక పెట్టేది!” అన్నాడు.