మజ్జిగధార

పాలక్కాడ్‌లో ఎండలు ముదిరాయంటే తంకమణికి గుండెదడ పట్టుకునేది. చేతులు వణికేవి, కంటిమీద కునుకుండేది కాదు. నాలుగేళ్లుగా ఇదే వరస.

"ఒంట్లో వేడి తలకెక్కింది. ఏడు రోజులు ధార పోద్దాం," అన్నాడు వైద్యుడు.

రోజూ పొద్దున్నే ఆమెను చెక్కబల్ల మీద పడుకోబెట్టి, పైన వేలాడే కుండలోంచి మందు మజ్జిగను నుదుటి మీద సన్నగా వదిలేవారు. భర్త దివాకరన్ సెలవు పెట్టి పక్కనే కూర్చునేవాడు.

ఏడో రోజు తంకమణి తనే లేచి, తల తుడుచుకుంటూ నవ్వింది. దివాకరన్ కళ్లు చెమర్చాయి.

"ఎలా ఉంది తంకం?"

"చల్లగా ఉందండీ. భయమన్నదే లేదు."

"అసలు దేనికి అంత భయం? ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు."

"అత్తమ్మ పోయిన రోజు నేను సంతకెళ్లానన్నాను కదా, వెళ్లలేదు. గుమ్మంలోనే నిలబడ్డాను. ఆ ఎండకు నోరెండిపోయి మంచం మీంచి నీళ్లు, నీళ్లని ఎంతసేపు పిలిచిందో! ఎప్పుడు ఆపుతుందా అని చూస్తూ ఉన్నాను."

దివాకరన్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"మీకు తెలిసిపోతుందేమోనని వేసవి వస్తే చచ్చేదాన్ని. ఇప్పుడు చూడండి, మీ మొహంలోకి చూస్తూ చెప్పేశాను. మంచి వైద్యుడండీ!"

జుట్టు ముడేసుకుని బల్ల దిగింది.

"మీ అన్నయ్య దగ్గరున్న మామయ్యను తెచ్చుకుందామంటే ఇన్నాళ్లూ వద్దన్నాను. ఇక తీసుకొచ్చేయండి, నేను చూసుకుంటాను."