దొంగ తలుపు

కారు రెండుసార్లు దగ్గి, రోడ్డు పక్కన ఆగిపోయింది.

మాస్టారు తాళంచెవి తిప్పాడు. ఇంజను మూలిగింది గానీ అందుకోలేదు.

కనుచూపుమేరలో ఇల్లు లేదు. ఫోనులో సిగ్నల్ లేదు. డ్రైవరు సీటు కింద మాత్రం అక్కగారి నగల పెట్టె ఉంది.

ఇంటికి మరమ్మతులు జరిగినన్నాళ్లూ దాచమని అక్క తమ్ముణ్ణి నమ్మి ఇచ్చింది. ఇప్పుడు దాన్ని తిరిగి ఇవ్వడానికే మొగుడూ పెళ్లాలు బయల్దేరారు.

పెట్టె ఇచ్చిన రోజునే బావ నవ్వాడు. "మీ తమ్ముడికా ఇచ్చేది? దొంగ వచ్చి మంచినీళ్లడిగితే, గ్లాసుతో పాటు తాళాలు కూడా ఇచ్చి పంపిస్తాడు!"

ఆ మాట మాస్టారిని ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

'తండ్రీ, ఎవరినైనా పంపు' అని దేవుణ్ణి తలుచుకున్నాడు.

మలుపు దాటి ఒక మనిషి వచ్చాడు. మాసిన చొక్కా, వారం గడ్డం, భుజాన బరువైన సంచి.

"దగ్గి ఆగిందా సార్?"

"నీకెలా తెలుసు?"

"మలుపు అవతలికి వినబడింది."

పంపమని వేడుకున్నదీ తనే. వచ్చినవాడి వాలకం చూసి అనుమానపడిందీ తనే.

అతను వెనక సీటుకు చెవి ఆనించి, తాళం తిప్పమన్నాడు.

"పెట్రోలు పంపు పలకడం లేదు. అది ట్యాంకు లోపల ఉంటుంది. ట్యాంకు దింపడం ఇక్కడయ్యే పని కాదు. ఈ సీటు లేపి, కింద రేకు కోసి, ఒక దొంగ తలుపు పెడదాం."

మాస్టారి భార్య భర్త చెయ్యి గిల్లింది.

"ఏం తలుపు?" అన్నాడు మాస్టారు.

"దొంగ తలుపు సార్. సీటు వేసేస్తే అక్కడొకటి ఉన్నట్టు ఎవడికీ తెలీదు."

"ఇలాంటివి చాలా పెట్టావా?"

"చాలానే పెట్టాను."

ఆవిడ మళ్లీ గిల్లింది, ఈసారి గట్టిగా.

వేరే దారి లేదు. "సరే, కానీ" అన్నాడు మాస్టారు.

అతను బానెట్ ఎత్తి బ్యాటరీ తీగ ఊడదీశాడు. తలుపులన్నీ బార్లా తెరిచాడు. తర్వాత చెయ్యి చాచి, ఎక్కడో దూరాన ఉన్న మైలురాయిని చూపించాడు.

"మీరిద్దరూ అక్కడికెళ్లి నిలబడండి. నేను పిలిచేదాకా రావద్దు."

"అంత దూరమా! ఎందుకు?"

"పక్కన మనుషులుంటే నాకు చెయ్యాడదు."

"మా కారు దగ్గర మేం ఉండకూడదా?"

"ఉంటే నేను కొయ్యను." అతని గొంతు ఉన్నట్టుండి కరుకైంది.

పెట్టె వెంట తీసుకెళదామంటే, ఉందని చూపించినట్టే. వదిలేసి వెళదామంటే కాళ్లు కదలవు. చివరికి వెనక్కి చూసుకుంటూనే నడిచారు.

"బండి ఎలాగూ కదలదులెండి. ఎత్తుకుని ఎటు పోతాడు?" అంది భార్య, తనకు తనే ధైర్యం చెప్పుకుంటూ.

"బండి కదలదు. పెట్టెకు కాళ్లు రావడం ఎంతసేపు?"

"అయ్యో! ఇక అన్నయ్యగారి నోట్లో పడ్డట్టే."

కారులోంచి చేతి డ్రిల్లు చప్పుడు వచ్చింది. తర్వాత రేకు కత్తెర చప్పుడు. కరక్... కరక్... మధ్యలో చాలాసేపు నిశ్శబ్దం.

"రేకు కోసే మిషన్ పెడితే చిటికెలో అయ్యేది కదయ్యా!" మాస్టారు అక్కణ్ణుంచే అరిచాడు.

కత్తెర చప్పుడు మాత్రం అదే తీరున సాగింది.

"కావాలనే సాగదీస్తున్నాడండీ. చూడండి, చూడండి, ముందు సీటు దగ్గరికి వంగాడు!"

మాస్టారు పంచె ఎగ్గట్టి పరుగెత్తాడు. వెనకే ఆవిడ.

వెళ్లేసరికి పెట్టె అతని చేతుల్లో ఉంది.

"పెట్టు అక్కడ!"

"పంపు బాగానే ఉంది సార్. పైన తీగ మాడింది. తీగ ముందుదాకా మాడిందేమోనని వెతుకుతుంటే ఇది తగిలింది. అమ్మ దగ్గర ఉంచుకోండి. ఉంచుకుని మళ్లీ దూరంగా..."

ఆవిడ అక్కడికక్కడే, అతని ఎదుటే, మూత తీసి గొలుసులూ గాజులూ ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. అతను మొహం తిప్పుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

అన్నీ ఉన్నాయి.

కాసేపటికి కొత్త తీగ అతికి, కోసిన చోట రేకు బిగించి, సీటు వేసి, బ్యాటరీ తీగ మళ్లీ తగిలించాడు. కారు ఒక్క తిప్పుకే అందుకుంది.

"ఎంతివ్వమంటావు?"

"ఏం వద్దు సార్. క్షేమంగా వెళ్లండి." సంచి భుజాన వేసుకుని, చేలకు అడ్డంపడి వెళ్లిపోయాడు.

"వద్దన్నాడంటే ఏదో ఉందండీ" అంది భార్య.

మలుపు తిరగ్గానే ఒక టీ కొట్టు కనిపించింది. గొంతు తడుపుకుందామని ఆగారు. పమిట కొంగు మొహం మీదికి లాక్కుని, ఎడమచేత్తో టీ పోస్తోంది కొట్టులో ఆమె.

గండం గడిచేసరికి మాస్టారికి నోరు లేచింది.

"సంచి వేసుకుని ఒకడు తిరుగుతున్నాడమ్మా ఇక్కడ. కాస్త జాగ్రత్త. మమ్మల్ని మైలురాయి దాకా తరిమి, కారంతా గాలించాడు. ఏ జైల్లోంచి వచ్చాడో ఏమో!"

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"రేకు కోశాడాండీ?"

"కోశాడు. కత్తెరతో, నత్తనడకన."

"ఒకప్పుడు షెడ్డులో మిషన్‌తోనే కోసేవాడండీ. ఒకసారి నిప్పురవ్వ ట్యాంకు మీద పడింది."

ఆమె పమిట సర్దుకోబోయింది. చెవి దగ్గర నుంచి మెడ దాకా చర్మం ముడుచుకుపోయి మెరుస్తోంది.

"ఆ రోజు పక్కనే నిలబడి చూస్తున్న నన్ను కూడా అంత దూరం తరిమేసి ఉంటే బాగుండేదని, మా నాన్న ఇప్పటికీ అంటుంటాడండీ."